కాయిలు కొద్దీ వేడి

దమయంతి డ్రయ్యర్ తలుపు తీసి కింది ట్రే బయటికి లాగింది. పొర ఎండి, గోటితో గీకితే ఊడి, లోపల తెల్లగా మెరవాల్సిన జీడిపప్పు నేతిలో వేగినట్టు ఎర్రబడి ఉంది. అంచుల దగ్గర నల్లబడింది కూడా. దాని పై ట్రే లాగింది. అదీ అంతే. ఆ పైది కాస్త నయం, అంటే ఎర్రబడింది గాని నల్లబడలేదు. పలాసలో పప్పు వ్యాపారం చేసేవాళ్ళకి ఆ తెలుపే బంగారం. ఎర్రబడ్డ పప్పుని మిఠాయి దుకాణాలు కూడా మొహం చిట్లించుకునే తీసుకుంటాయి.

"తవిటమ్మా!" అని కేకేసింది.

తవిటమ్మ డ్రయ్యర్ పక్కనే నిలబడి ఉంది, అంత కేక అక్కర్లేదు. దమయంతి నడిపే ఆ రేకుల షెడ్డులో గోడ వారన పీటల మీద కూర్చుని పొర తీస్తున్న ఆడవాళ్ళ చేతుల్లో చిన్న చాకులన్నీ ఆగిపోయాయి.

"ఏటిది? ఇక్కడే కూకున్నావు కదా. వాసన రానేదా?"

తవిటమ్మ ట్రేలోంచి ఒక పప్పు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ జాగ్రత్తగా ట్రేలో పెట్టేసింది. ఏదో చెప్పబోయి, పీటల వైపు చూసి, మానుకుంది.

"నా ముక్కుదే తప్పమ్మా," అంది చివరికి.

ఆ డ్రయ్యర్‌కి తగినంత వేడెక్కగానే తనంతట తానే కరెంటు ఆపేసే బిళ్ళ ఒకటి ఉండేది. అది ఎప్పుడో పాడైపోతే పీకేసి తీగలు నేరుగా కలిపేశారు. అప్పట్నుంచీ తవిటమ్మ ముక్కే దానికి బిళ్ళ. పొద్దున్న తొమ్మిదింటికి స్విచ్చి వేసి పక్కన కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండింటి టీ వచ్చే వేళకి, ఇంకెవరికీ అందని ఓ కమ్మటి వాసన ఆవిడకి అందుతుంది. "దించేద్దుమమ్మా," అంటుంది. దించేస్తారు. అంతే. గడియారం తప్పిన రోజులున్నాయి గాని తవిటమ్మ తప్పిన రోజు లేదు.

నిన్నే డ్రయ్యర్‌లో వేడి పుట్టించే తీగచుట్ట, కాయిలు, తెగింది. ఎలక్ట్రీషియన్ పోలారావు వచ్చి చూసి, ఈ కొలత కాయిలు బరంపురం నించి రావాలి వదినా, వారం పడతాది అన్నాడు. కాయ కొట్టి తీసిన పప్పు తడిగా గంపల్లో ఉంది, వారం ఆగితే బూజు పడుతుంది. అందుకని ఈ చుట్టుపక్కల అందరూ చేయించే పనే దమయంతీ చేయించింది. పోలారావు కాలిపోయిన మేర కత్తిరించి పారేసి, మిగిలిన కాయిలుని సాగదీసి, రెండు కొసలూ మెలేసి కలిపాడు. ఈ పొద్దున్న స్విచ్చి వేసేటప్పుడు దమయంతి అందరూ వినేలా చెప్పింది కూడా. "పిండి కొద్దీ రొట్టె, కాయిలు కొద్దీ వేడి. ఇది కురసైపోనాది కాబట్టి ఆలీసంగా ఎండుతాది. రెండింటికి కాదు, మూడింటికి కట్టు." ఇందులో కాదనడానికి ఏముంది? అందరూ తలూపారు.

ఇప్పుడు మూడైంది. పప్పు మాడింది.

"మూడన్నాను, నిజమే. నీ ముక్కు కూడా అక్కడే ఉంది కదా అని అన్నాను," అంది దమయంతి. "ఆ ముక్కు పోనాక డ్రయ్యర్ కాడ నీకు పనేటి? రేపట్నించి పీట ఏసుకుని పొర తీసుకో."

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. దమయంతి నోరు జారనైనా జారలేదు, మాటని గట్టిగా ఆనించి మరీ అంది. తవిటమ్మ చెయ్యి తనకి తెలియకుండానే మొహం మీదికి వెళ్ళింది. ముక్కు కొసని రెండు వేళ్ళతో పట్టుకుని, అది ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఓ క్షణం అలాగే ఉంది. తర్వాత దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఖాళీ ట్రేలు కడిగి బోర్లించి, ఆటో స్టాండు వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు తవిటమ్మ రాలేదు. అలిగింది కాబోలు, రెండ్రోజుల్లో తనే వస్తుందిలే అనుకుని దమయంతి డ్రయ్యర్ దగ్గర తనే కుర్చీ వేసుకుంది. తొమ్మిదింటికి స్విచ్చి వేసింది. నిన్న మూడింటి దాకా ఉంచితే మాడింది కనుక ఇవాళ ఎప్పట్లా రెండింటికే కట్టేస్తే సరి. ఇందులో పెద్ద విద్యేముంది, చూస్తూ కూర్చోవడమేగా అనుకుంది.

కూర్చుంటే తెలిసింది. కాళ్ళకి సెగ కొడుతోంది. పక్క షెడ్డులో జీడి తొక్కలు కాలుతున్న ఘాటు, పొర ధూళి, తన చీరకి పట్టిన నూనె వాసన, అన్నీ కలిసి ముక్కులో గోడ కట్టేశాయి. ఆ గోడ దాటి లోపల పప్పు ఏ వాసన వేస్తోందో తెలుసుకోవడం ఎలాగో ఆవిడకి అంతు పట్టలేదు. అందరూ అన్నాలు తిని వచ్చి మళ్ళీ చాకులు పట్టుకున్నారు. రెండు కాకముందే పీట మీంచి రాణి లేచి నిలబడింది.

"అమ్మా, పొగ!"

ప్లగ్గు దగ్గర్నించి సన్నగా నీలం పొగ వస్తోంది. దమయంతి తత్తరపడి స్విచ్చి కట్టి, ప్లగ్గు పట్టుకుని లాగబోయి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ప్లగ్గు కాలుతోంది. కాస్త ఆగి, చెంగుతో పట్టుకుని లాగింది. కింది ట్రే మళ్ళీ ఎర్రగానే ఉంది.

ఆడలేక మద్దెల ఓడు అందామంటే నిన్న తను మద్దెల అని తిట్టిన మనిషి ఇవాళ ఇక్కడ లేదు. కుర్చీలో ఉన్నది తనే. పీటల మీద అందరూ తలొంచుకుని చాకులు ఆడిస్తున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ట్రేలు దించడానికి సాయం వచ్చిన రాణిని గొంతు తగ్గించి అడిగింది. "తవిటమ్మ మీ ఊరే కదే. ఏం సేస్తంది?"

రాణి పప్పు చాటలోకి ఒంపి, మాడినవి ఏరుతూ చెప్పింది. "తవిటత్త నిన్నట్నించి ఏటీ తినడం నేదమ్మా. పొద్దున్నే మా ఇంటికొచ్చి ఉప్పుసేప ఉందా అనడిగింది. తింటాదేమో అనుకుని మాయమ్మ ఇచ్చింది. ముక్కు కాడెట్టుకుని వాసన సూసీసి తిరిగిచ్చీసింది. కర్పూరం ఎలిగించి సూసిందంట. మామిడాకు నలిపి సూసిందంట."

"మరి వస్తందంటా వాసన?"

"వస్తందంట. వచ్చినా ఏడుస్తంది."

"వస్తే ఏడుపెందుకే?"

"ఏటో తెల్దమ్మా. మావకి కూడా ఇలగే మొదలైందని అంటంది."

పీటల దగ్గర ఎవరి చాకో చాటలో పడింది. రాణి మావ, అంటే తవిటమ్మ మొగుడు, ఏ రోగంతో పోయాడో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఉద్దానంలో ఇంటికొకరైనా కిడ్నీల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు. అక్కడ అన్నం సహించలేదన్నా, నోరు చేదుగా ఉందన్నా, రుచో వాసనో తేడా చేసిందన్నా జనం నవ్వు మానేసి మనిషి కాళ్ళ వైపు చూస్తారు, వాపు ఉందేమోనని.

"రక్తం తీయించుకోవత్తా అంటే రానంటంది," అంది రాణి. "తెలిసిపోతే ఏటి సెయ్యాలి అంటంది."

దమయంతి చేతిలో ఒక మాడిన పప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తూ ఉండిపోయింది. పప్పు పోయిందనే కోపంలో ముక్కు పోయిందన్నది తను. ఆ మాట ఆటో ఎక్కి తవిటమ్మతో ఊరికి పోయి, ఆవిడ మంచం మీద కూర్చుందన్నమాట. ఇవాళ పప్పు మాడింది తవిటమ్మ ముక్కు వల్ల కాదు. మరి దేని వల్ల? కాయిలు కురచైతే వేడి తగ్గాలి. వేడి తగ్గితే ప్లగ్గు ఎందుకు కాలింది?

మర్నాడు ఆదివారం, షెడ్డుకి సెలవు. పొద్దున్నే కబురంపితే పోలారావు టిఫిను కూడా తినకుండా వచ్చాడు. దమయంతి వాళ్ళాయనకి చిన్నప్పటి స్నేహితుడు, వదినా అని పిలిచే చనువుంది.

"ప్లగ్గు కాలడం మామూలే వదినా," అన్నాడు. "కాయిలు కోసి అతికించినాక ఎక్కడైనా కాల్తాది. ఎందుకంటే నాకు తెల్దు గాని, కాల్తాది."

"ఎందుకో తెలుసుకోవాలి పోలారావూ. దీని మీద ఒక మనిషి ప్రాణం ఊగులాడతంది."

అతను సంచీలోంచి మీటరు తీశాడు. పీతకాలు లాంటి కొక్కెం ఉంటుంది దానికి, నొక్కితే తెరుచుకుని తీగని పట్టుకుంటుంది. ముందు సాకెట్లో వోల్టులు చూశాడు. ఆదివారం కదా, చుట్టుపక్కల మిషన్లన్నీ ఆగి ఉండడంతో కరెంటు నిండుగా ఉంది. రెండువందల ముప్ఫై. డ్రయ్యర్ స్విచ్చి వేసి, తీగల జత చుట్టూ కొక్కెం బిగించాడు. మీటర్లో సున్నా.

"పాడైపోనాదా?"

పోలారావు నవ్వాడు. "నేదు వదినా. రెండు తీగలూ కలిపి పట్టుకుంటే సున్నాయే సూపిస్తాది. ఒకదాన్లో ఎంతెల్తే రెండోదాన్లో అంతే తిరిగొచ్చీస్తాది. లెక్కకి లెక్క సరి. ఒక్కదాన్నే పట్టుకుంటే బయటపడతాది." ఈసారి ఒక్క తీగనే విడదీసి పట్టాడు. అంకెలు కాస్సేపు తడబడి నిలబడ్డాయి. పన్నెండున్నర.

"పన్నెండున్నర ఆంపియర్లు."

"ఎంతుండాలి?"

"మోటార్లకైతే సెప్తాను గాని, దీనికెప్పుడూ సూడ్లేదు."

దమయంతి డ్రయ్యర్ వెనక్కి వెళ్ళి, నూనె జిడ్డూ పొర ధూళీ పేరుకున్న, కంపెనీ వివరాలున్న రేకు బిళ్ళని చెంగుతో తుడిచింది. వోల్టులు 230. వాట్లు 2300.

వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఆ ముక్క ఆవిడ నోట్లోంచి పసిపిల్లల పద్యంలా వచ్చేసింది. టెక్కలి కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు వసారాలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టింది. పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోయాననుకుంది. మర్చిపోలేదు, అర్థం కాకుండానే ఇన్నేళ్ళూ నోట్లో ఉండిపోయింది, అంతే. ఆ మాట వెనకాల నిజంగా ఒక వస్తువు ఉంటుందని, దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని అప్పుడెవరూ చెప్పలేదు.

పప్పు డబ్బా రేకు మూత ఒకటి తీసి, రకాలు రాసే స్కెచ్ పెన్నుతో దాని మీద లెక్క వేసింది. రెండు వేల మూడువందల్ని రెండువందల ముప్ఫైతో భాగిస్తే పది. పది ఆంపియర్లు వెళ్ళాలి. వెళ్తున్నది పన్నెండున్నర. ఆ పన్నెండున్నరని రెండువందల ముప్ఫైతో గుణించింది. రెండు వేల ఎనిమిదివందల డెబ్భై అయిదు.

"పోలారావూ, వేడి తగ్గనేదు. పెరిగింది."

"కాయిలు తగ్గింది కదా వదినా."

"కాయిలు తగ్గింది. వేడి పెరిగింది."

ఇద్దరూ మూత వైపు చూశారు. దమయంతి తప్పేమోనని మళ్ళీ గుణించింది. మళ్ళీ అదే వచ్చింది. తగ్గిస్తే పెరగడమేమిటి? ఇంట్లోగాని పొలంలోగాని అంగట్లోగాని ఎక్కడైనా ఉందా ఇలాంటి విడ్డూరం?

అప్పుడు ఆ బట్టీ పద్యంలో రెండో పాదం గుర్తొచ్చింది. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం. నిరోధమంటే అడ్డం. కాయిలు చేసే పని కరెంటుకి అడ్డం పడడం. పొడుగు కాయిలు ఎక్కువ అడ్డం పడుతుంది, కురచ కాయిలు తక్కువ. అడ్డం తగ్గితే, అటునించి తోసే తోపు అంతే ఉంది కనక, ఎక్కువ కరెంటు జొరబడుతుంది. బోరు కాడ రబ్బరు పైపు కళ్ళం దాకా లాగితే చివర్న నీళ్ళు నీరసంగా కారతాయి. అదే పైపు సగానికి కోసి చూడు, మొహాన కొడుతుంది. తను కోయించింది పైపుని. కోయించి, నీళ్ళు తగ్గుతాయి, ఎక్కువసేపు ఉంచమని చెప్పింది!

గబగబా భాగించింది. బిళ్ళ మీద రాసిన ప్రకారం ఇరవై మూడు ఓములు ఉండాలి. ఇప్పుడున్నది పద్దెనిమిది పాయింట్ నాలుగు. పోయింది నాలుగు పాయింట్ ఆరు. ఇరవై మూడులో సరిగ్గా అయిదో వంతు.

"నువ్వు కాయిల్లో అయిదో వంతు కోసీసినావు," అంది.

"ఏమో వదినా, నానేటి కొలిసి కోసినానా? కాలిందేదో పటకారుకి తగిలినంత..."

"ఆ ముక్కేది?"

ముక్క ఇంకా కిటికీలోనే పడి ఉంది. దాన్నీ మిగిలిన కాయిలునీ పక్కపక్కన పెట్టి కొలుద్దామంటే ఒకటి సాగింది, ఇంకోటి సాగలేదు. పోలారావు తల గోక్కున్నాడు. దమయంతి లోపలికెళ్ళి, చిన్న పొట్లాలు తూచే కాటా తెచ్చి బల్ల మీద పెట్టింది. సాగినా సాగకపోయినా తీగ ఒకటే, ఎంత పొడుగుంటే అంత బరువు. ప్లగ్గు తీసి, చల్లారాక, పోలారావు కాయిలు విప్పి కాటా మీద వేశాడు. ఇరవై రెండు గ్రాములు. అది తీసి ముక్క వేశాడు. కాటా అయిదుకీ ఆరుకీ మధ్య ఊగులాడింది.

నాలుగు పాళ్ళు ఇది, ఒక పాలు అది. మొత్తంలో అయిదో వంతు.

దమయంతి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మీటరు ఆ ముక్కని చూడలేదు. డబ్బా మూత మీద రాసిన అంకెలు ఆ ముక్కని ముట్టుకోలేదు. ఎవరూ చూడలేని కరెంటు ఒక తీగలోంచి పోతూ పోతూ, నాలో ఇంత తక్కువైంది అని చెప్పింది. గుణించుకోవడం, భాగించుకోవడం వస్తే చాలు, వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ స్విచ్చి నొక్కిన ప్రతిసారీ అది ఇలా నిజమే చెబుతూ ఉందన్నమాట! దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా ఎప్పుడోగాని కలగని వణుకు ఒకటి వచ్చింది ఆవిడకి. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పోలారావు మరేదో ఆలోచిస్తున్నాడు. "మా అత్త కరెంటు పొయ్యి కాయిలు రెండుసార్లు కోసి అతికించినాను వదినా. నీ సెయ్యి పడ్డాక అన్నం జోరుగా ఉడుకుతందిరా అల్లుడా అని ఊరంతా సెప్పింది. నా సెయ్యి గొప్పదనుకున్నాను." కాస్త ఆగి, "ఇయాలే ఎల్లి దాన్ని పీకీసొస్తాను," అన్నాడు.

తవిటమ్మకి ఫోను చేస్తే ఎత్తలేదు. దమయంతి మూత ఒక చేత, కాయిలు ముక్క ఒక చేత పట్టుకుని కాశీబుగ్గలో వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే ఆటో ఎక్కింది.

ఊరు సముద్రానికి కాస్త ఇవతల ఉంటుంది. దారి పొడుగునా జీడి తోటలు, వాటి మధ్య కొబ్బరి, కింద ఇసక. పూత చివరికొచ్చి అక్కడక్కడ పిందెలు దిగుతున్నాయి. తవిటమ్మ ఇంటి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. మూడు రోజుల్లోనే మొహం పీక్కుపోయింది. దమయంతిని చూసి కంగారుగా లేచి చాప పరవబోయింది. రాణి, వాళ్ళమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఏమిటో అని దగ్గరికొచ్చారు.

"వీళ్ళందరూ ఉండడమే మంచిదైంది," అంది దమయంతి నిలబడే. "నలుగుర్లో అన్నాను కాబట్టి నలుగుర్లోనే సెప్తాను. తప్పు నీ ముక్కుది కాదు తవిటమ్మా. నాది. కాయిలు కురసైతే వేడి తగ్గుతాదని నాను సెప్పినాను. తగ్గదు, పెరుగుతాది." కాయిలు ముక్క చూపించింది. బోరు పైపు సంగతి చెప్పింది. "నాను కూకున్న రోజు కూడా మాడిపోనాది. డ్రయ్యరే తొందరగా మాడ్చీసింది. నీకు వాసన రాకపోవడం..."

"రాకపోవడం కాదమ్మా," అంది తవిటమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"వచ్చింది." తవిటమ్మ తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసి మాట్లాడింది. "మీరంతా అన్నాలకి లేసినారు. ఒంటి గంటైంది. నాను క్యారేజీ మూత తీసినాను. అప్పుడొచ్చింది. పప్పు దించాల్సిన వాసన, ఎప్పుడూ రెండింటి టీ తోటి వస్తాది సూడండి, ఆ వాసన. ఓలమ్మా, ఒంటి గంటకి ఎలగొస్తాదనుకున్నాను. మీరు మూడన్నారు. కాయిలు కురసైందన్నారు. అంతా తలూపినారు. అంటే లేని వాసన వస్తంది నాకు."

తువ్వాలు కొస వేలి నించి విప్పింది. మళ్ళీ అందుకుంది.

"మా ఆయనకి అలగే మొదలైందమ్మా. కాళ్ళు పొంగక ముందే. పొయ్యిలో నిప్పుండేది కాదు, ఏటో మాడతంది సూడే అనీవోడు. నానెల్లి సూస్తే ఏటీ ఉండేది కాదు. నాకూ అదే వచ్చిందనుకున్నాను. మీకు సెప్తే మొదలైపోనాది అన్నట్టే కదా. అందుకే నోరు మూసుకుని, ముక్కుదే తప్పని ఒప్పీసుకున్నాను."

దమయంతి అరుగు మీద కూలబడింది. మూత ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ వేళ్ళు వాటంతట అవే లెక్కపెట్టడం మొదలెట్టాయి. తొమ్మిది నించి రెండు, అయిదు గంటలు. వేడి పావు వంతు పెరిగింది, అంటే అయిదు చోట నాలుగు చాలు. అటూ ఇటూ కాస్త తేడా ఉండొచ్చు గాని, తొమ్మిదికి నాలుగు కలిపితే...

"ఎన్నింటికన్నావు?" అని మళ్ళీ అడిగింది.

"ఒంటి గంటకి."

మీటరు చెప్పిందీ అదే. కాటా చెప్పిందీ అదే. మూత మీద అంకెలు వరసగా నడిచొచ్చి చేరిందీ అక్కడికే. వాటికంటే రెండ్రోజుల ముందే, తెలిసినవాళ్ళందరూ కాదంటున్నా, ఈ మనిషి ముక్కు ఆ ఒంటి గంటనే పట్టుకుంది. పట్టుకుని, చావు కబురేమోనని భయపడి దాచేసింది. దమయంతి మూతని తవిటమ్మ ముందు పెట్టింది.

"తవిటమ్మా, అది లేని వాసన కాదు. ఒంటి గంటకే రావాలి అది. లెక్క కూడా ఒంటి గంటే అంటంది."

"నిజం వాసనేనా అమ్మా?"

"నిజం వాసనే."

"మరి ఆ రోగం..."

దమయంతి అబద్ధం చెప్పలేకపోయింది. "అది ఈ లెక్కకి అందదు. రక్తం సంగతి రక్తమే సెప్పాలి. రేపు ఆసుపత్రికి ఎల్దుం. నాను కూడా వస్తాను, నాదీ తీయించుకుంటాను. ఈ నీళ్ళే కదా నానూ తాగి పెరిగింది. కానీ ఈ వాసన మాత్రం రోగం కాదు. ఇది నీదే."

తవిటమ్మ తల వంచుకుంది. భుజాలు కదులుతుంటే రాణి దగ్గరికి పోబోయింది, వాళ్ళమ్మ చెయ్యి పట్టి ఆపింది. తవిటమ్మ తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఎల్దుం లెండి," అంది. "ఆకలేస్తందే రాణీ. ఏటైనా ఉందా?"

రాణి పరుగెత్తింది. ఆడవాళ్ళు ఒక్కసారి మాట్లాడడం మొదలెట్టారు. దమయంతి, ఇక మీదట వాసన వస్తే నాతో సెప్పకుండానే స్విచ్చి కట్టీ, నానేటి సెప్పినా సరే అంది. మరి లెక్కో అని తవిటమ్మ అడిగింది. లెక్క తరవాత కట్టుకుందాం లే అంది దమయంతి.

సముద్రం వైపు నించి గాలి తిరిగింది. తవిటమ్మ మొహం ఎత్తి, కళ్ళు మూసుకుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి భయం లేకుండా ఊపిరి పీల్చింది.

"జీడి పూత," అంది. కాస్సేపాగి, "ఎవులో వల ఆరేసినారు, ఇంకా తడిగుంది." ఇంకా ఆగి, నవ్వుతూ, "పడమటీదిలో మెంతులేపుతున్నారు. దించీడం నేదు, సేదెక్కిపోతాది."

అందరూ తలెత్తి గాలి పీల్చారు. దమయంతీ గట్టిగా పీల్చింది. జీడి పూత తెలిసింది. వల తెలిసిందో లేదో తెలియలేదు. మెంతుల వాసన ఎంత పీల్చినా అందలేదు.

అయినా నమ్మింది. "ఎవులో ఒకరు ఎల్లి ఆ పొయ్యి కట్టమనండే," అంది.